‘విశ్వాసమువలననే’ : తెలుగు బైబిలునందలి యొక యవధారణము

1

మనుష్యుడు దేవుని యెదుట నీతిమంతుడగుట విశ్వాసముచేతనా, సత్క్రియలచేతనా యను ప్రశ్న 16వ శతాబ్దమున పశ్చిమ క్రైస్తవలోకమును రెండుగా చీల్చినది. విశ్వాసమాత్రముచేతనే యని మార్టిను లూథరు పక్షము. విశ్వాసము మూలమే, కాని యది యొంటరిగా చాలదని రోము సభ పక్షము. ఈ తగవు వేదాంతులది గదా, తెలుగు భాషా విమర్శకులకు దీనితో నేమి పని యని కొంద రడుగవచ్చును. పని కలదని మేము తలంచుచున్నాము. ఈ మహావివాదమున కొక ముఖ్యమైన తావు అనువాదమున చేర్చబడిన యొక చిన్న పదము. అట్టి పదమును తెలుగు చేసినవారు మన భాషలో నెట్లు నిర్వహించిరన్నది శుద్ధముగా భాషావిమర్శకు సంబంధించిన విషయము.

తెలుగు బైబిలు లక్షలకొలది జనులు వారము వారము చదువు గ్రంథము. ఐనను మన గద్యవాఙ్మయ చరిత్రలలో దానికి దొరకుచున్న చోటు స్వల్పము. దాని భాష కృతకమనియు, మూలమున కంటిపెట్టుకొని పోవుననియు తీర్మానించి విడిచిపెట్టుట పరిపాటియైనది. ఆ తీర్మానములో కొంత నిజము లేకపోలేదు. కాని క్లిష్టమైన తావులలో ఆ యనువాదకులు మన నుడికారమునందలి సూక్ష్మములను వినియోగించుకొన్న తీరు పరిశీలింపదగినది. బైబిలు సొసైటీవారి ప్రాత యనువాదము నాధారముగా గొని, ఒక యేకారమును, ‘తీర్చు’ అను క్రియను, ‘విశ్వాసము’ అను నామమును ఈ వ్యాసమున పరిశీలింతుము. ఐరోపాలో రెండు పక్షములు పంచుకొన్న యర్థములను ఈ తెలుగు మాటలు తమలో కలిపియుంచుకొన్నవనుట మా వాదము.

2

లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి మార్చి 1522 సెప్టెంబరులో ప్రకటించెను. రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ యధ్యాయము 28వ వచనమున, ధర్మశాస్త్ర క్రియలు లేకయే మనుష్యుడు విశ్వాసముచేత నీతిమంతుడగునని పౌలు చెప్పిన చోట, ‘మాత్రము’ అని యర్థమిచ్చు ‘అల్లైన్’ అను జర్మను పదమును లూథరు చేర్చెను. గ్రీకు మూలమున నట్టి పదము లేదు, లాటిను పాఠముననులేదు. దైవవాక్యమునకు తన సొంతమాట కలిపెనని ప్రతిపక్షులు దోషారోపణ చేసిరి.

దీనికి లూథరు 1530లో, ఆగ్సుబుర్గు సభ జరుగుచుండగా, కోబుర్గు కోటనుండి యొక లేఖాగ్రంథము వ్రాసి ప్రత్యుత్తరమిచ్చెను. అనువాదకళను గూర్చి ఐరోపాలో వెలసిన ప్రసిద్ధ రచనలలో నది యొకటి. మూలమున నా పదము లేదని తా నెఱుగుదుననియే అతడు మొదట నొప్పుకొనెను. రెండు వస్తువులలో నొకదానిని ఔననియు, రెండవదానిని కాదనియు చెప్పునపుడు ‘మాత్రము’ అను మాట చేర్చుట జర్మను భాష స్వభావమని యతని సమాధానము. రైతు ధాన్యము మాత్రమే తెచ్చెను, సొమ్ము తేలేదు అనునట్టి వాడుకమాటలను ఉదాహరణముగా చూపెను. జర్మనులో మాటలాడు తీరును లాటిను అక్షరముల నడిగి తెలిసికొనరాదనియు, ఇంటిలో తల్లిని, వీధిలో బిడ్డలను, అంగడిలో సామాన్యుని అడిగి తెలిసికొనవలెననియు అతడు చెప్పిన సూత్రము మన వ్యావహారిక భాషావాదులను తలపునకు తెచ్చును. భాషాస్వభావమే గాక పౌలు తాత్పర్యము గూడ నా పదమును కోరుచున్నదని యతడు ముగించెను. ఆ పద మతడు తొలిసారిగా కల్పించినదియు గాదు. పౌలు పత్రికలకు 4వ శతాబ్దమున వ్యాఖ్య వ్రాసిన ‘అంబ్రోసియాస్టరు’ మొదలు 13వ శతాబ్దపు తోమా అక్వీనాసు వఱకు వ్యాఖ్యాతలు కొందరు ‘విశ్వాసమాత్రము’ అను మాటను వాడియున్నారు.

ఇపుడు తెలుగు పాఠమును చూతము. అదే వచనమున తెలుగున ‘విశ్వాసమువలననే’ అని యున్నది. ‘మాత్రము’ అను పదము లేదు, కాని తుది యేకారము ఆ పని చేయుచున్నది. లూథరు ఒక పదముగా చేర్చి నింద మోసినదానిని తెలుగు ఒక్క స్వరముతో నెఱవేర్చినది. ‘కాక’, ‘లేక’ వంటి నిషేధము పూర్వభాగమున నున్నపుడు ఉత్తరభాగమున అవధారణార్థకమైన యేకారము వచ్చుట మన భాషకు సహజము. ‘కఱ్ఱ లేకుండ చేతితోనే పామును పట్టెను’ అందుము. అచట ఏకారము లేనిచో వాక్యము బోసిపోవును. కావున లూథరు జర్మను భాషను గూర్చి చెప్పిన సమాధానము తెలుగునకు మఱింత చక్కగా అన్వయించును.

3

ఏకారము దేనిని తొలగించును? ఈ విషయమున మన తార్కికులు చేసిన విచారము మిక్కిలి యుపకరించును. సంస్కృతమునందలి ‘ఏవ’ శబ్దమునకు వారు మూడు ప్రయోజనములు చెప్పిరి. ‘శంఖము తెల్లనిదే’ యన్నపుడు శంఖమునకు తెల్లదనముతో సంబంధము లేకపోవుట తొలగును, ఇది అయోగవ్యవచ్ఛేదము. ‘పార్థుడే ధనుర్ధరుడు’ అన్నపుడు ఇతరులకు ఆ విలుకానితనముతో సంబంధము తొలగును, ఇది అన్యయోగవ్యవచ్ఛేదము. ‘కలువ నల్లనిది కానేయగును’ అనునట్లు క్రియతో కూడినది అత్యంతాయోగవ్యవచ్ఛేదము.

‘విశ్వాసమువలననే’ యను చోట నున్నది రెండవది. నీతిమంతుడగుటకు కారణమగు ధర్మము విశ్వాసమునకే కలదు, ఇతరమునకు లేదని దాని యర్థము. ఇచట నొక మెలకువ వలయును. పార్థుడే ధనుర్ధరుడన్నంత మాత్రమున పార్థుడు రణరంగమున నొంటరిగా నిలిచెనని యర్థము కాదు. రథమున్నది, గుఱ్ఱములున్నవి, సారథియున్నాడు. తొలగింపబడినది అన్యుల విలుకానితనమే గాని అన్యుల సాన్నిధ్యము కాదు. అట్లే ‘విశ్వాసమువలననే’ యనుమాట సత్క్రియల కారణత్వమును తొలగించునే గాని సత్క్రియల యునికిని తొలగింపదు. జాన్ కాల్విను 1547లో ట్రెంటు సభకు సమాధానము వ్రాయుచు ఈ భేదమునే చూపెను. నీతిమంతునిగా చేయునది విశ్వాసమొక్కటియే యైనను, ఆ విశ్వాస మొంటరిగా నుండదని యతని తాత్పర్యము. లూథరు గూడ రోమీయుల పత్రికకు వ్రాసిన పీఠికలో, అగ్గినుండి వేడిని వెలుగును విడదీయరానట్లు విశ్వాసమునుండి క్రియలను విడదీయరాదని వివరించెను.

ఇంత స్పష్టముగా నున్నను తగవెందుకు తీరలేదు? 1547 జనవరి 13వ తేదీన ముగిసిన ట్రెంటు సభ యాఱవ సమావేశము ఈ విషయమున పదునాఱు అధ్యాయములు, ముప్పదిమూడు శాసనములు వెలువరించెను. తొమ్మిదవ శాసనము విశ్వాసమాత్రవాదమును ఖండించును. కాని ఆ ఖండనము సావధానముగా చదువదగినది. కృపను పొందుటకు సహకరించునది మఱేమియు నక్కఱలేదనియు, మనుష్యుడు తన సంకల్పముచేత సిద్ధపడ నక్కఱలేదనియు అర్థము చేసికొనువారినే యది శపించినది. మన తర్కపరిభాషలో చెప్పవలెనన్న, తగవు సాన్నిధ్యమును గూర్చినది కాదు, సహకారికారణత్వమును గూర్చినది. ఆ సభవారే ఏడవ యధ్యాయమున కారణములను వరుసగా లెక్కించి, ప్రయోజనకారణము దేవుని మహిమయనియు, పుణ్యార్జనకారణము క్రీస్తనియు, సాధనకారణము బాప్తిస్మమనియు విభజించి చెప్పిరి. లూథరు పక్షమువారు సాధనస్థానమున విశ్వాసము నుంచిరి. ఇరువురు నెదిరించినది ఒకేదానిని గాదు. ఒకరు క్రియాగర్వమును, ఒకరు క్రియాశూన్యతను శత్రువుగా భావించిరి.

4

విశ్వాసమాత్రవాదమునకు క్రొత్త నిబంధనలోనే ప్రతివాది కలడు. యాకోబు పత్రిక రెండవ యధ్యాయము 24వ వచనము మనుష్యుడు నీతిమంతుడగుట విశ్వాసమాత్రమున కాదు, క్రియలవలన గూడ నని స్పష్టముగా చెప్పుచున్నది. క్రొత్త నిబంధన యంతటిలో ‘విశ్వాసము’, ‘మాత్రము’ అను రెండు పదములు కలిసి వచ్చిన చోటు ఇదియొక్కటే, అదియును నిషేధముగానే! లూథరు 1522 పీఠికలో ఈ పత్రికను గడ్డితో పోల్చి తేలికపఱచుటయు, తన ముద్రణలో దానిని తుదిభాగమునకు జరుపుటయు ప్రసిద్ధములే. ఆ పోలిక తరువాతి సంపుటములలో కానరాదు.

పౌలు, యాకోబు ఇరువురును అబ్రాహామునే సాక్షిగా పిలిచిరి. కాని వేర్వేరు ఘట్టములనుండి పిలిచిరి. పౌలు ఆదికాండము 15వ యధ్యాయమునందలి యబ్రాహామును చూపును. అచట నతడు సంతానమును గూర్చిన మాటను నమ్మెను, అప్పటికి సున్నతి లేదు. యాకోబు 22వ యధ్యాయమునందలి యబ్రాహామును చూపును. అచట నతడు కుమారుని బలిపీఠముమీద నుంచెను. పౌలు త్రోసివేసిన క్రియలు ధర్మశాస్త్ర సంబంధులు. యాకోబు కోరిన క్రియలు బట్టలేని సహోదరునకు బట్ట, ఆకలిగొన్నవానికి అన్నము. విశ్వాసము సయితము వేఱే. దయ్యములు గూడ దేవు డొక్కడని నమ్మి వణకుచున్నవని యాకోబు ఎగతాళి చేయునపుడు, అతని లక్ష్యము వట్టి యంగీకారమే గాని పౌలు చెప్పిన యాత్మార్పణము కాదు.

ఇచట తెలుగు అనువాదకులు చేసిన పని గమనింపదగినది. గ్రీకు మూలమున పౌలును యాకోబును వాడిన క్రియ యొక్కటే, ‘దికైయొఓ’. రోమీయుల పత్రికలో దానికి తెలుగున ‘తీర్చబడు’ అని యున్నది. యాకోబు 2:24లో నదే క్రియకు ‘ఎంచబడు’ అని యున్నది. రోమీయుల పత్రిక నాలుగవ యధ్యాయమున, అబ్రాహాము విశ్వాసము నీతిగా లెక్కకు వచ్చెనను వేఱొక గ్రీకు క్రియకు వాడిన తెలుగుమాటయే ఈ ‘ఎంచు’. దీనివలన తెలుగు చదువరికి ఇరువురి వైరుధ్యము మూలమునందున్నంత కటువుగా తోపదు. ఇది యనువాదకుల సమన్వయమో, సమయస్ఫూర్తియో యేమైనను మేము దీనిని గుణముగా నెంచజాలము. మూలము పాఠకుని నిలువరించు చోట అనువాదము కూడ నిలువరింపవలెను. పౌలునకు యాకోబునకు గల ఘర్షణ చదువరికి తెలిసిననే గదా వారి సమన్వయమునకు విలువ!

5

‘తీర్చు’ అను మాటను గూర్చి మాత్రము మా ప్రశంస నిష్కపటమైనది. ఐరోపా వివాదమున కంతకును ఇరుసు ఈ క్రియయే. గ్రీకు క్రియకు న్యాయస్థానపు వాసన కలదు. నిర్దోషిని నిర్దోషియని న్యాయాధిపతి ప్రకటించుట దాని ముఖ్యార్థము. లాటినున దానికి వచ్చిన ‘యుస్తిఫికారె’ అను మాట ‘నీతిమంతునిగా చేయుట’ యని వ్యుత్పత్తి నిచ్చును. అగస్టీను ఆ త్రోవనే నడచెను, ట్రెంటు సభయు నడచెను. లూథరు పక్షమువారు, ముఖ్యముగా మెలాంక్తను, గ్రీకు యర్థమును పట్టుకొని దానిని తీర్పుగా వివరించిరి. దేవుడు పాపిని నీతిమంతు డనునా, నీతిమంతుని చేయునా? ‘అనుట’ యా, ‘చేయుట’ యా? ఇదియే తగవు.

మన ‘తీర్చు’ ను చూడుడు. తగవు తీర్తుము, అందుండి ‘తీర్పు’ పుట్టినది. ముగ్గు తీర్తుము, బొట్టు తీర్తుము, బిడ్డను తీర్చి దిద్దుదుము. అప్పు తీర్తుము. తీర్పు చెప్పుటయు, రూపు కల్పించుటయు, ఋణము చెల్లించుటయు మూడును ఈ యొక్క క్రియలో నిమిడియున్నవి. లూథరు పక్షపు తీర్పు, ట్రెంటు సభవారి రూపకల్పన, క్రీస్తు మరణమును ఋణవిమోచనముగా చూచు ప్రాచీన భావన, ఈ మూడింటిని ఒక్క మాట మోయుట మఱి యేయే భాషలలో సాధ్యమో!

అంతటితో నాగలేదు. రోమీయులు 3:20లో ‘నీతిమంతుడని తీర్చబడడు’ అనియు, 3:28లో ‘నీతిమంతులుగా తీర్చబడుచున్నారు’ అనియు పాఠము. ‘అని’ యన్నపుడు మాట, ప్రకటనము. ‘గా’ యన్నపుడు పరిణామము. ఎనిమిది వచనముల యెడములో తెలుగు పాఠము ఒక పక్షమునుండి మఱియొక పక్షమునకు జరిగినది! ఈ మార్పు బుద్ధిపూర్వకముగా చేసినదని చెప్పుటకు మాకు ఆధారము లేదు. కాని ‘తీర్చు’ ధాతువు రెండింటికిని చోటిచ్చుటచేతనే ఈ ప్రత్యయభేదము చదువరి కంటికి ముల్లువలె తగులకున్నది.

‘నీతి’ యను మాటను గూర్చి ఇట్లనలేము. విదురనీతి, సుమతి శతకము చదివిన తెలుగువానికి నీతి యనగా నడవడి. అది నేర్చుకొనునది, అభ్యసించునది. అట్టి నీతి యుచితముగా లభించునన్న మాట అతనికి వింతగా దోచును. పౌలు చెప్పిన ‘దేవుని నీతి’ తన ప్రజల నుద్ధరించు దేవుని సత్యసంధతతో కూడినది. ఆ యర్థచ్ఛాయ ‘నీతి’కి లేదు. కావున తెలుగు వాక్యమున నామము క్రియాపక్షమునకు లాగుచుండగా ఏకారము విశ్వాసపక్షమునకు లాగుచున్నది. తెలుగు సంఘములలో సువార్తబోధ తఱచుగా నీతిబోధగా మారుటకు గల కారణములలో ఈ పదము నొకటియని మా యూహ.

6

ఇక ‘విశ్వాసము’. విశ్వాసమాత్రవాదముపై వచ్చు పెద్ద యాక్షేపము, నమ్మిన చాలునన్నచో నడవడి యేల యనునది. ఈ యాక్షేపము ప్రతిపక్షులది మాత్రమే కాదు. లూథరు సంఘమునకే చెందిన డీట్రిక్ బోన్‌హోఫరు 1937లో ప్రకటించిన గ్రంథమున ‘చౌక కృప’ యని దీనిని పేర్కొని, శిష్యత్వము లేని కృప తన సంఘమునకు మృత్యువని హెచ్చరించెను. హిట్లరు ప్రభుత్వము నెదిరించిన యతనిని 1945 ఏప్రిలు 9వ తేదీన ఉరితీసిరి. విశ్వాసము క్రియలను కనునా కనదా యన్నది అతనికి ప్రాణముతో చెల్లించిన ప్రశ్న.

తెలుగు మాట ఇచట కాపుగా నిలుచుచున్నది. విశ్వాసమనగా నమ్మిక మాత్రమే కాదు. ‘తిన్నయింటి విశ్వాసము’ అందుము, ‘కుక్కకున్న విశ్వాసము’ అందుము. విశ్వాసఘాతకుడనగా అభిప్రాయము మార్చుకొన్నవాడు కాదు, ద్రోహము చేసినవాడు. నమ్ముటయు, నమ్మకముగా నుండుటయు ఒక్క మాటలోనే యున్నవి. గ్రీకున ‘పిస్తిస్’ సయితమిట్టిదే, అందును నమ్మికయు నమ్మకత్వమును కలవు. ఈ యర్థమును మఱువక చదివినచో ‘విశ్వాసమువలననే’ యనుట క్రియలకు సెలవిచ్చుట కానేరదు. విశ్వాసము లేని విశ్వాసి యనుట తెలుగున స్వవచనవ్యాఘాతము. అనువాదకులు ‘నమ్మకము’ను గాక ‘విశ్వాసము’ను గైకొనుట, వా రెఱిగి చేసినను ఎఱుగక చేసినను, మంచి యెన్నిక.

ఈ సందర్భమున శ్రీవైష్ణవుల మర్కట మార్జాల న్యాయములను స్మరించుట మనవారికి సహజము. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును, పిల్లిపిల్లను తల్లియే నోట కఱచుకొని పోవును. జర్మను పండితుడు రుడాల్ఫ్ ఓటో భారతీయ కృపామతమును క్రైస్తవముతో పోల్చి గ్రంథమే వ్రాసెను. పోలిక నిజమే. కాని వడగలై తెంగలై వాదమున ప్రశ్న జీవుని ప్రయత్నమునకు చోటున్నదా యని. పౌలున ప్రశ్న న్యాయపీఠము ముందు నిలిచిన దోషి గతి యేమని. ‘తీర్చు’ అను మాటలోని తీర్పును విస్మరించినవారే రెండింటిని ఒకటే యందురు.

7

తుదకు ఏకారము తొలగించిన ‘ధర్మశాస్త్ర క్రియలు’ ఏవి? క్రిస్టెరు స్టెండాల్ 1963లోను, ఇ. పి. శాండర్సు 1977లోను వెలువరించిన రచనల తరువాత పౌలు విమర్శ క్రొత్త త్రోవ పట్టినది. జేమ్సు డన్ 1980ల నుండి ఈ క్రియలను ముఖ్యముగా సున్నతి, విశ్రాంతిదినము, భోజననియమములుగా, అనగా ఒక జాతిని ఇతరులనుండి వేఱుచేయు గుఱుతులుగా వివరించెను. ఈ వివరణము సర్వసమ్మతము కాదు. పౌలు వాక్యములు కొన్ని మనుష్యుని సర్వప్రయత్నమునకును వర్తించుననుట మానరాదు. ఐనను పౌలు వాదమునకు సందర్భము యూదులు కానివారు ఏ గుఱుతు లేకుండ దేవుని ప్రజలలో చేరవచ్చునా యను ప్రశ్నయే.

విచిత్రమేమన, ఈ యర్థము ఐరోపా పండితులకంటె ముందుగా తెలుగు మాటలోనే యున్నది. ‘ధర్మశాస్త్రము’ అన్నంతనే మనకు స్ఫురించునవి మనువు, యాజ్ఞవల్క్యుడు, వర్ణాచారములు. ‘క్రియలు’ అన్నపుడు తోచునవి సంస్కారములు, కర్మకాండ. ఆ శాస్త్రమెవరిని వెలుపల నిలిపెనో, ఆ క్రియల కర్హత యెవరికి లేదనెనో, వారి చెవిని ‘ధర్మశాస్త్ర క్రియలు లేకుండ’ అను మాట పడినపుడు అది సూక్ష్మమైన సిద్ధాంతచర్చ కాదు, తెఱవబడిన తలుపు.

దీనికి చరిత్రలో నొక సాక్ష్యము కలదు. 1876-78 నాటి దారుణమైన కరవులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత గుత్తకు దీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కూటికొఱకు మతము మారిరను మాట రాకుండుటకు కరవుకాలమున బాప్తిస్మము లాపివేసెను. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మందికి గుండ్లకమ్మ యొడ్డున బాప్తిస్మములు జరిగెను. వారిలో మిక్కిలి పెద్దభాగము మాదిగలు. ‘విశ్వాసమాత్రము’ నుపదేశించు సంఘమే విశ్వాసమును పరీక్షింపబూనుట యొక వింత. కాని మేము గమనింపగోరునది వేఱు. పుణ్యార్జనకు గుడి, గ్రంథము, క్రతువు ఏదియు నందుబాటులో లేనివారి యెడ క్రియలవలన రక్షణయను సిద్ధాంతమున కర్థమే లేదు. ఏ క్రియకు నర్హుడు కాడని లోకము నిర్ణయించినవానిని ‘విశ్వాసమువలననే’ యనునది అర్హుని చేసినది. ఇచట తీర్పును రూపకల్పనయు ఒక్కటియే యైనవి. అతనిని నీతిమంతు డనుటయే అతనిని మనుష్యునిగా నిలువబెట్టుట.

8

1999 అక్టోబరు 31వ తేదీన ఆగ్సుబుర్గులోనే లూథరను లోకసమాఖ్యయు, రోమను కథోలిక సభయు ఈ విషయమున సంయుక్త ప్రకటనపై సంతకములు చేసినవి. మన పుణ్యమునుబట్టి గాక కృపచేతనే అంగీకరింపబడుదుమనియు, ఆ కృప సత్క్రియలకు మనలను పురికొల్పుననియు ఇరువురు నొప్పుకొనిరి. 2006లో మెథడిస్టులును, 2017లో సంస్కరణ సంఘముల సమాఖ్యయు దానితో నేకీభవించిరి. భేదములు సమసిపోలేదు, కాని పరస్పర శాపములు మాత్రము నేటి బోధకు వర్తింపవని తేలినది.

ఈ పరిశీలనము వలన మేము తేల్చినది యిది. ‘విశ్వాసమువలననే’ యనుటలోని యేకారము మూలమునకు చేసిన చేర్పు కాదు, మూలార్థమునకు తెలుగు చెల్లించిన ఋణము. అది క్రియల కారణత్వమును తొలగించును, క్రియలను తొలగింపదు. ‘తీర్చు’ అను క్రియ తీర్పును పరిణామమును జంటగా నిలుపును, ‘విశ్వాసము’ నమ్మికను నమ్మకత్వమును జంటగా నిలుపును. ‘నీతి’ యొక్కటియు, యాకోబు పత్రికలోని ‘ఎంచు’ను ఈ సొంపునకు కొఱత. ఇక మీదట తెలుగు బైబిలును సవరింపబూనువారు సులభశైలికొఱకు ‘తీర్చబడు’ను మార్చి ‘ప్రకటింపబడు’ అనియో, ‘చేయబడు’ అనియో వ్రాసినచో, తెలియకయే అయిదు వందల యేండ్ల తగవులో నొక పక్షము చేరినవా రగుదురు. ఆ మాటను కదపకుండుటే మేలని మా మనవి.